చూడదగిన ప్రదర్శనలు, అడగవలసిన ప్రశ్నలు

ప్రతి ఏడూ చలికాలం రాగానే పత్రికలలోనూ అంతర్జాలంలోనూ ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది: "తప్పక చూడవలసిన చిత్రప్రదర్శనలు" అని. మాదాపూరులోని రాష్ట్ర చిత్రకళా గ్యాలరీ, బంజారా హిల్స్‌లోని కళాకృతి, వీధిచిత్రాల ముచ్చట తీర్చుకోవడానికి ఖైరతాబాదు పక్కనున్న మఖ్తా. పేర్లు ఒకటీ అరా అటూ ఇటూ మారతాయేమో గాని ఆ జాబితా ఔటర్ రింగు రోడ్డు దాటి అడుగు బయట పెట్టదు. పెట్టవలసిన అవసరం ఉందని రాసేవారికీ తోచదు, చదివేవారికీ తోచదు. నగరం లోపల ఉన్నది కళ, బయట ఉన్నది "కళారూపం". లోపలివారు చిత్రకారులు, బయటివారు "జానపద కళాకారులు". లోపల జరిగేది ప్రదర్శన, బయట జరిగేది "సంస్కృతి". ఈ మాటల తేడాలోనే అసలు తగవంతా ఉంది. ఈ టపా ఆ తగవు గురించే.

నేను మాట్లాడుతున్నది పినపాక వైపు నుంచి. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క గోదావరి, ఒక పక్క గుండాల అడవులు, పొరుగున మణుగూరు బొగ్గు గనులు. మణుగూరు, పినపాక మండలాల నడుమ 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. కాస్త కిందికి వెళితే సారపాకలో కాగితం, అట్టల కర్మాగారం. మా బొగ్గుతో పుట్టిన కరెంటు గ్రిడ్డులో కలిసి రాజధానికి చేరుతుంది. గ్యాలరీ గోడ మీది బొమ్మకు వెలుగునిచ్చే దీపంలో దాని పాలు కొంతైనా ఉండకపోదు. ప్రదర్శన చూసినవారి చేతిలో పెట్టే కేటలాగు అట్ట సారపాకదే అయినా కావచ్చు. ఇన్ని పోతున్నాయి గదా, తిరిగి వచ్చేదేమిటి? మణుగూరులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగవచ్చు. ఆ రైలు మా వైపు నుంచి చూడబోయేవారిని తీసుకుపోతుంది గాని, ఒక్క ప్రదర్శననైనా ఇటు తీసుకువచ్చిన జాడ లేదు.

ఇది ప్రాంతాభిమానపు దెప్పిపొడుపు అనుకుంటారేమో, కాదు. నా వాదం ఇది: వీధిచిత్రమంటే ఏమిటో, ప్రదర్శన అంటే ఏమిటో మనం అరువు తెచ్చుకున్న కొలతలతో కొలుస్తున్నాం. ఆ కొలతలలో మన సొంతవి ఇమడలేదు కనుక వాటిని "సంస్కృతి" అనే గాదెలో పోసి మూత పెట్టాం. మూత తీయక తప్పదు, ఎందుకంటే లోపలివి చివికిపోతున్నాయి. చివికిపోతున్నవి గుడ్డలు మాత్రమే కావు.

*

ముందు మఖ్తా సంగతి. రాజ్‌భవన్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఎమ్మెస్ మఖ్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ చిత్రకారులను రప్పించి ఇళ్ళ గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేయించింది. దానికి ముందు ఢిల్లీలోని లోధీ కాలనీలో ఇదే పని చేసింది. దేశవిదేశాల వారితో పాటు హైదరాబాదుకే చెందిన చిత్రకారులు కూడా అక్కడ కుంచె పట్టారు. ఎవరూ తొంగిచూడని బస్తీలోకి కెమెరాలు మెడలో వేసుకుని జనం వచ్చారు. బాగుంది. మంచి బొమ్మలున్నాయి, ఎండకూ వానకూ వెలిసినవి వెలిసినా ఇంకా చూడదగినవే. నేను దానిని తక్కువ చేయను.

తక్కువ చేయవలసింది ఆ తరువాత రాసిన రాతలను. "హైదరాబాదుకు వీధిచిత్రకళ వచ్చింది" అన్నారు. అంతకు ముందు ఈ నేల మీద గోడలు లేనట్టు, గోడల మీద ఎవరూ ఏమీ గీయనట్టు! సీతంపేట వైపు సవరల ఇంటిగోడల మీది పూజాచిత్రాలను వెరియర్ ఎల్విన్ వంటివారు ఒరిస్సా వైపు సవరలలో చూసి పుస్తకాలకెక్కించి డెబ్బై ఏళ్ళు దాటింది. మా గూడేలలో పండుగకు ఎర్రమట్టితో అలికి తెల్లని పట్టీలు దిద్దిన గోడ ఎవరి పిలుపుకోసం ఎదురుచూసింది?

ఇక గోడ మీది రాజకీయం మాటకు వస్తే, అది మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఎనభైలలో, తొంభైలలో ఈ అడవి అంచున గోడ ఒక రణస్థలం. రాత్రి ఎర్రరంగుతో నినాదం వెలిసేది, తెల్లవారితే దాని మీద సున్నం పడేది. గోడ ఎవరిదో వాడు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. రాసినవారి పేరు ఎవరికీ తెలియదు, చెరిపినవారి పేరు అందరికీ తెలుసు. ఆ రాతలతో నాకు ఏకీభావం ఉందా లేదా అన్నది వేరే చర్చ. కాని అనుమతి లేని గోడ మీద, పట్టుబడితే ప్రాణం మీదికి వచ్చే పరిస్థితిలో రాసిన అక్షరాన్ని వదిలేసి, అనుమతి పత్రం మీద సంతకమయ్యాక నిచ్చెన వేసి గీసిన బొమ్మ దగ్గర వీధిచిత్రకళ చరిత్ర మొదలుపెట్టడం మాత్రం చరిత్రకు సున్నం పూయడమే.

సున్నం పూయడం మన ఒక్కరి అలవాటు కాదు. 2025 సెప్టెంబరులో లండన్‌లోని రాజ న్యాయస్థానాల గోడ మీద, నేల మీద పడి ఉన్న నిరసనకారుణ్ని న్యాయమూర్తి సుత్తితో మోదుతున్నట్టు బ్యాంక్సీ బొమ్మ వేశాడు. రెండు మూడు రోజులలో దానిని గీకించి వేశారు. అదే బ్యాంక్సీ బొమ్మ వేలంపాటలో సగం ముక్కలై, 2021లో కోటీ ఎనభై అయిదు లక్షల పౌండ్లకు పైగా పలికింది. గోడ మీద ఉంటే నేరం, చట్రంలో ఉంటే ఐశ్వర్యం. ఈ గణితం అర్థమైతే తక్కినదంతా అర్థమవుతుంది.

*

ఇప్పుడు మా పట్టణాల గోడలు చూడండి. స్వచ్ఛతా ర్యాంకుల కోసమో, మంత్రిగారి రాక కోసమో గోడలకు రంగులు వేయిస్తారు. కాంట్రాక్టరు ఎక్కడివాడో, కుంచె పట్టినవాడు ఎక్కడివాడో. బొమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే: తలమీద అడవిదున్న కొమ్ములు, కొమ్ముల నడుమ నెమలి ఈకలు, మెడలో డోలు, కాళ్ళు గాలిలో. దాని పక్కన చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ళ వరుస. దాని పక్కన "చెట్లను కాపాడండి". కోయలంటే ఇక అంతే. నాట్యమాడుతూ పుట్టారు, నాట్యమాడుతూ పోతారు. పోడు చేయరు, గనిలో దిగరు, పిల్లల్ని హాస్టలులో చేర్చరు, పట్టా కోసం కచేరీ మెట్లు ఎక్కరు.

కొమ్ముల ఆట మా వైపు పెళ్ళిళ్ళలో, పండుగలలో ఆడే నిజమైన ఆట. దానికి నా నమస్కారం. ఆ ఆటను వంతెన స్తంభానికి అలంకారంగా దించడం మీదే నా ఆక్షేపణ. ఎవరి బొమ్మ వేస్తున్నామో వారిని పిలిచి "నీ గోడ మీద నువ్వేం వేసుకుంటావు?" అని అడిగారా? అడిగి ఉంటే వారు తమ గుడ్డమూట విప్పి చూపేవారు. ఆ మూటలో ఉన్నది పడిగె.

పడిగె అంటే త్రికోణాకారపు పొడవాటి గుడ్డ, జెండావంటిది. దాని మీద ఒక గట్టు పుట్టుపూర్వోత్తరాలు, మూలపురుషులు, వారి వెంట నడిచిన జంతువులు, వారు చేసిన యుద్ధాలు బొమ్మలుగా ఉంటాయి. కోయలలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇలా విభాగాలున్నాయి. ఒకే గట్టులో పిల్లనిచ్చి పుచ్చుకోరు. ఎవరి గట్టుకు వారి వేల్పు, ఎవరి వేల్పుకు వారి పడిగె. అది గోడకు వేలాడదు. కొలుపుకో జాతరకో బయటికి వస్తుంది, కర్రకు ఎక్కుతుంది, దారి వెంట నడుస్తుంది. దాని ముందు డోలు మోగుతుంది. డోలివారు బొమ్మలోని కథను పాడి చెబుతారు. ఆ పాట లేకపోతే అది రంగుగుడ్డ. పాట ఉంటేనే పడిగె.

వీధిలో నడిచే చిత్రం. జనం మధ్యకు తానే వచ్చే చిత్రం. టిక్కెట్టు లేదు, తలుపు లేదు, "ముట్టుకోరాదు" అనే పలక లేదు. కాని దానిని ఎవరు ఎత్తాలి, ఎప్పుడు విప్పాలి, ఎవరు కథ చెప్పాలి అన్న కట్టుబాటు మాత్రం రాయివంటిది. మిత్రులారా, వీధిచిత్రకళకు ఇంతకంటే నిండైన నిర్వచనం పాశ్చాత్య దేశాల పుస్తకాలలో ఎక్కడైనా దొరికితే నాకు చూపించండి.

*

మణుగూరు మండలంలో కూనవరం అనే ఊరుంది. విలీన మండలాలలోని కూనవరం వేరు, ఇది వేరు. ఆ ఊరి సకిని రామచంద్రయ్యగారు డోలివారు. డోలు వాయిస్తూ కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. అక్షరాలతో పనిలేకుండా గట్టుల వంశచరిత్రలు గొంతులో దాచుకున్న మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో కన్నుమూశారు.

పద్మశ్రీ ఇచ్చినందుకు సంతోషమే. కాని అప్పుడు మన పత్రికలు ఆయనను "డోలు కళాకారుడు" అని రాశాయి, "గాయకుడు" అని రాశాయి. చిత్రకళ గురించి రాసేవారిలో ఎవరూ ఆయన జోలికి పోలేదు. ఎందుకు పోవాలి, ఆయన బొమ్మలు గీసేవాడు కాదుగదా అంటారు. ఇక్కడే పట్టు తప్పుతున్నది. బొమ్మ ఒకరి శాఖ, పాట ఇంకొకరి శాఖ, డోలు మరొకరి శాఖ అని పంచుకున్నది మనం. పడిగె దగ్గర ఆ పంపకాలు లేవు. కథ తెలిసిన గొంతు ఒకటి ఆగిపోయినప్పుడు, ఆ గొంతు చదివి వినిపించిన బొమ్మలు కూడా కొంత మూగవైపోతాయి. గుడ్డను బీరువాలో పెట్టి, చెదలమందు చల్లి, చల్లని గదిలో వందేళ్ళు దాచగలరు. దానిని చదవగలిగినవారిని ఎక్కడ దాస్తారు? ఒక గ్రంథాలయం పుస్తకాలను కాపాడుతూ, ఆ లిపి చదవగలిగిన చివరి మనిషిని పస్తుంచితే దానిని సంరక్షణ అని ఎవరైనా అంటారా?

అందుకే ప్రదర్శనశాలలో పడిగె ఎదురైతే నేను ముందుగా చూసేది బొమ్మను కాదు, దాని కింద ఉన్న చీటీని. చీటీ మీద ఏముంటుంది? "గుడ్డ మీద చిత్రం. కోయ తెగ. తెలంగాణ." అంతే. ఏ గట్టుది? ఏ ఊరిది? కుట్టినదెవరు, గీసినదెవరు? కథ చెప్పే హక్కు ఎవరిది? ఆ ఊరివారు ఇష్టపడి ఇచ్చారా, అమ్ముకున్నారా, అమ్ముకోవలసి వచ్చిందా? ఏమీ ఉండదు. అదే గోడ మీద, అడుగు దూరంలో, నగర చిత్రకారుని బొమ్మకు మాత్రం పేరు, పుట్టిన సంవత్సరం, వాడిన రంగు, గీసిన ఏడు, ఎవరి సేకరణలోదో వివరం, అన్నీ ఉంటాయి.

తోట వైకుంఠం బొట్టు పెద్దవ్వలను చూడగానే గుర్తుపడతాం. లక్ష్మాగౌడ్ గీతను దూరం నుంచి పోల్చుకుంటాం. పల్లెలలో పుట్టి తమ పల్లెలను ప్రపంచానికి చూపిన ఘనులు వారు. వారి మీద నాకే ఆక్షేపణా లేదు. నా ప్రశ్న మనకు. కళల గురించి రాస్తున్న మనలో ఒక్క పడిగె చేసిన మనిషి పేరు చెప్పగలవారు ఎందరు? వేళ్ళు మడవడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ వేళ్ళు మిగులుతాయి.

*

ఇది అనివార్యమనీ, ఆదివాసుల కళ ఎప్పుడూ పేరు లేనిదేననీ, "సామూహిక సృష్టి" అనీ పండితులు సెలవిస్తారు. మధ్యప్రదేశ్ వైపు చూడమని వారికి నా మనవి.

1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచినప్పుడు జె. స్వామినాథన్ దాని చిత్రకళా విభాగానికి అధిపతి. నగర చిత్రకారుల బొమ్మలనూ ఆదివాసుల బొమ్మలనూ ఒకే కప్పు కింద, సమానమైన గౌరవంతో పెట్టాలని పట్టుబట్టినవాడాయన. ఆయన పంపిన బృందానికి మండలా జిల్లా పాటన్‌గఢ్‌లో ఇంటిగోడ మీద ఒక బొమ్మ కనిపించింది. గీసిన కుర్రవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ప్రధాన్‌ల బిడ్డ. గోండులకు ప్రధాన్‌లు ఎలాగో కోయలకు డోలివారు అలాగ: వంశకథలు పాడి బతికే కులం. స్వామినాథన్ ఆ బొమ్మ కింద "గోండు తెగ" అని రాసి ఊరుకోలేదు, "జన్‌గఢ్" అని రాశాడు. ఆ ఒక్క పేరు చేసిన పని చూడండి. భోపాల్ విధానభవనం గోడల మీద ఆయన బొమ్మలు వెలిశాయి. 1989లో పారిస్ పాంపిడూ కేంద్రపు ప్రదర్శనకు వెళ్ళాడు. ఆయన బాటలో ఊరు ఊరే కుంచె పట్టింది. ఆ శైలిని నేడు "జన్‌గఢ్ కలం" అంటారు. ఆ తరువాతి తరంలో భజ్జూ శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీలు వచ్చాయి. పాటగాళ్ళ గొంతులోని వేల్పులు ఒక్క తరంలో కాగితం మీదికి, గోడ మీదికి, ప్రపంచం మీదికి వచ్చారు.

ఆ కథకు చీకటి పక్క కూడా ఉంది, దాచను. 2001లో జపానులోని ఒక ప్రదర్శనశాలకు బొమ్మలు వేయడానికి వెళ్ళిన జన్‌గఢ్, నలభై ఏళ్ళయినా నిండకుండా అక్కడే ఉరిపోసుకున్నాడు. ఇంటికి దూరంగా, మాట తెలియని చోట, ఒంటరిగా. కనుక పేరు ఒక్కటే చాలదు. పేరు తెచ్చుకున్న మనిషి తన ఊరిలో, తన భాషలో, తన మనుషుల మధ్య ఉండి పనిచేసుకోగలగాలి. గ్యాలరీ ఆయన దగ్గరికి రావాలి. ఆయనను పెరికి తీసుకుపోయి గ్యాలరీలో నాటకూడదు. మొక్కను కుండీలోకి మార్చి పెంచవచ్చు గాని ఇప్పచెట్టును కుండీలో పెంచలేం.

ఇంకొక ఉదాహరణ ఆస్ట్రేలియాది. అక్కడి ఆదిమవాసి చిత్రకారుల పవిత్రమైన బొమ్మలను అనుమతి లేకుండా తివాచీల మీద నేయించి, వియత్నాం నుంచి దిగుమతి చేసుకుని అమ్మాడొక వ్యాపారి. పూజించే బొమ్మను కాళ్ళ కింద పరచుకోవడానికి అమ్మాడన్నమాట. 1994లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ చిత్రకారుల పక్షాన తీర్పు చెప్పింది. అమ్మకంలో పోయిన డబ్బును మాత్రమే కాదు, వారి సంస్కృతికి, వారి సమూహంలో వారికి ఉన్న స్థానానికి జరిగిన గాయాన్ని కూడా నష్టపరిహారంలో లెక్కకట్టింది. మన 1957 నాటి కాపీరైటు చట్టం కర్త జీవితకాలానికి, ఆ పైన అరవై ఏళ్ళకు రక్షణ ఇస్తుంది. బాగానే ఉంది. కాని తరతరాలుగా ఒక గట్టు మోసుకువస్తున్న బొమ్మ ఆ జల్లెడలో నిలవదు. రేపు ఎవరైనా పడిగె బొమ్మను చీర అంచు మీద, పరుపు గలీబు మీద అచ్చువేస్తే అడిగేవారెవరు? అడగడానికి మొట్టమొదటి ఆధారం పేరుచీటీయే. చీటీలో లేని మనిషికి కచేరీలో కుర్చీ ఉండదు.

*

నా మీదికి రాగల ఆక్షేపణలు రెండున్నాయి, రెండూ బలమైనవే.

మొదటిది: "సేకర్తలు, ప్రదర్శనశాలలు లేకపోతే ఈ గుడ్డలు ఏనాడో ఎలుకల పాలయ్యేవి." నిజం. జయధీర్ తిరుమలరావుగారి వంటివారు ఊరూరా తిరిగి పడిగెలు, పటాలు, వాయిద్యాలు, రాతప్రతులు సేకరించి "ఆద్యకళ" పేరుతో హైదరాబాదులో ప్రదర్శించకపోతే, నగరంలో చాలామందికి పడిగె అనే మాటే తెలిసేది కాదు. ఆ శ్రమకు తెలుగువారందరూ రుణపడి ఉండాలి. దాచినందుకు ఎవరినీ తప్పుపట్టను. దాచడంతో పని అయిపోయిందనుకోవడమే తప్పు. సేకరణ మొదటి మెట్టు. రెండో మెట్టు పేర్లు. మూడో మెట్టు తిరుగుదారి. మనం మొదటి మెట్టు మీదే నిలబడి చప్పట్లు కొట్టుకుంటున్నాం.

రెండవ ఆక్షేపణ అటువైపు నుంచి వస్తుంది: "పడిగె పవిత్రమైనది, దానిని ఎక్కడా ప్రదర్శించకూడదు, అడవిలోనే ఉండనివ్వండి." ఈ మాట ఆ గట్టు పెద్దలు అంటే తలవంచుతాను, వారి మాటే చివరిమాట. కాని నగరంలో కూర్చున్న ఆదివాసీ ప్రేమికుడు అంటే ఒప్పుకోను. అడవిని అద్దాల పెట్టెగా చేసి, అందులో మనుషులను కదలకుండా నిలబెట్టాలన్న కోరిక అది. మా పిల్లలు సెల్‌ఫోనులో బొమ్మలు తీస్తున్నారు, కంప్యూటరులో గీస్తున్నారు. గనిలో పనిచేసి వచ్చిన యువకుడు తన గట్టు బొమ్మలో జేసీబీని కూడా చేర్చాలనుకుంటే అది కలుషితమా? కొండను తవ్వే యంత్రం అతని కథలోకి రాలేదా? వచ్చింది. వచ్చినదానిని గీస్తే అదే సమకాలీన కళ. ఆ మాటకు అర్థం అంతకంటే ఏముంది?

*

సరే, మరి చూడదగినవి ఏవి? నేనూ ఒక జాబితా ఇస్తాను. ప్రతి చోటుకూ ఒక ప్రశ్న జతచేసి ఇస్తాను.

మఖ్తాకు వెళ్ళండి. బొమ్మలు చూడండి. ఆ గోడ వెనుక ఇంట్లో ఉన్నవారిని పలకరించి, తమ గోడ మీద ఏముండాలో వారిని ఎవరైనా అడిగారా అని కనుక్కోండి.

మాదాపూరు రాష్ట్ర గ్యాలరీకి వెళ్ళండి. పెద్ద గ్యాలరీ, మంచి వెలుతురు. ఛాయాచిత్రాల ఉత్సవం జరిగే రోజులలో మరీ బాగుంటుంది. ఆదివాసుల ఫొటోలు ఉంటే, ఫొటో తీసినవారి పేరుతో పాటు ఫొటోలో ఉన్నవారి పేరు కూడా ఉందో లేదో చూడండి.

మాసబ్‌ట్యాంకులోని నెహ్రూ శతాబ్ది గిరిజన ప్రదర్శనశాలకు వెళ్ళండి. హైదరాబాదులో పుట్టి పెరిగినవారిలోనే ఎక్కువమంది దాని గడప తొక్కలేదు. చీటీలు చదవండి. చదివినది రాయండి.

భద్రాచలం వచ్చినప్పుడు రామయ్య దర్శనం చేసుకుని అటునుంచి అటే బస్సెక్కకండి. ఐటీడీఏ ప్రాంగణంలో గిరిజన మ్యూజియం ఉంది. 2025లో దానిని కొత్తగా తీర్చిదిద్దారు. కోయల, కొండరెడ్ల వస్తువులను వాటి సొంత నేల మీద, వాటిని వాడేవారికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో చూడగలగడం చిన్న విషయం కాదు. అక్కడ అడగవలసింది: కొలుపు రోజున ఆ ఊరివారు వచ్చి తమ వస్తువు కావాలంటే బయటికి ఇస్తారా?

మేడారం వెళ్ళండి. 2026 జనవరి జాతర కోసం గద్దెల ప్రాంగణాన్ని రాతితో పునర్నిర్మించి, ఆ రాళ్ళ మీద కోయ గట్టుల గుర్తులను, కథలను చెక్కించారు. పడిగె బొమ్మ రాతికెక్కింది. ఇది గౌరవమా, గడ్డకట్టడమా అన్నది నేనింకా తేల్చుకోలేదు. మీరూ చూసి మీ మాట చెప్పండి. గుడ్డ గాలికి కదులుతుంది, చివికితే కొత్తది వస్తుంది, కొత్తదానిలో కొత్త చేయి ఉంటుంది. రాయి కదలదు. ఆ రాతిలో ఉన్న కథను పాడగలిగే గొంతులకు ఏ ఏర్పాటు జరిగిందన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న.

*

విమర్శ చేసి ఊరుకుంటే సరిపోదు గనుక నేను కోరేదేమిటో కూడా చెబుతాను.

మణుగూరులోనో ఏడూళ్ళ బయ్యారంలోనో ఒక ప్రదర్శనశాల కావాలి. పాలరాతి భవనం అక్కరలేదు. పొడుగాటి పంచ, గాలీ వెలుతురూ వచ్చే ఒక గది, చెదపట్టని బీరువాలు, కథ రికార్డు చేయడానికి ఒక యంత్రం, డోలు నేర్పే గురువుకు నెలనెలా జీతం. నగరంలో జరిగిన మంచి ప్రదర్శనలు ఏడాదికి రెండైనా ఇటు రావాలి. వైకుంఠం బొమ్మలను మా పిల్లలు కూడా అసలు కాన్వాసు మీద చూడాలి. ఇక్కడివారి బొమ్మలు అటు వెళ్ళినప్పుడు కథ చెప్పేవారు కూడా వెంట వెళ్ళాలి, దారిఖర్చులు, పారితోషికం తీసుకుని, చీటీ మీద పేరు వేయించుకుని.

డబ్బెక్కడిది అంటారు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో సంప్రదాయ కళల అభివృద్ధి అని స్పష్టంగా రాసి ఉంది. మా చుట్టూ బొగ్గు కంపెనీ ఉంది, కాగితపు కంపెనీ ఉంది. భూమి మాది, నీరు మాది, దుమ్ము కూడా మాకే. ఆ రెండు శాతంలో ఒక పిసరు ఒక పంచకూ ఒక గదికీ చాలదా? అడిగేవారు లేక ఆగిపోయింది గాని డబ్బు లేక కాదు.

ఒక షరతు మాత్రం ఉంది. ఆ గదికి తాళంచెవి గట్టు పెద్దల దగ్గర ఉండాలి. క్యూరేటరు దగ్గర కాదు, అధికారి దగ్గర కాదు, కంపెనీ మేనేజరు దగ్గర కాదు. ఏ పడిగె ఎప్పుడు విప్పాలో, ఏది ఎవరూ చూడకూడదో, ఏది హైదరాబాదు వెళ్ళవచ్చో, ఏది వెళ్ళకూడదో నిర్ణయించేది వారు. ఇంత మాట ఒప్పుకోవడానికి మన సంస్థలకు ధైర్యం ఉందా? లేకపోతే "ఆదివాసీ కళాపరిరక్షణ" అన్న బ్యానరు దించి, "ఆదివాసీ కళాసేకరణ" అని నిజాయితీగా రాసుకోవచ్చు.

కళల గురించి రాసే మిత్రులకు చివరిగా ఒక మనవి. ఈసారి ఏ ప్రదర్శన గురించి రాసినా, అక్కడ పేరు లేని బొమ్మ కనిపిస్తే "పేరు లేదు" అన్న సంగతిని కూడా రాయండి. ఏ ఊరిదో తెలిస్తే ఊరు పేరు రాయండి. కథ చెప్పేవారు కనిపిస్తే ఆగి వినండి, వారు ఒప్పుకుంటే వారి పేరు రాయండి. పది మంది పది చోట్ల ఇలా రాస్తే, పదకొండో ప్రదర్శనలో చీటీ రాసే గుమాస్తా చేయి ఒక్క క్షణమైనా తడబడుతుంది. నాకు కావలసింది ఆ తడబాటు.

విభేదించేవారు నిరభ్యంతరంగా విభేదించండి. కాని రాత్రి రైలెక్కి ఒకసారి ఇటు వచ్చి, చూసి, విని, ఆ తరువాత విభేదించండి.